ఇంటి తగాదాలు - కోర్టు తీర్పులు



ఏటా మన సంచికకు చరిత్ర మీద ఏదో ఒకటి వ్రాసి ఇవ్వమని కార్యదర్శిగారు అడగడం, నేను గోల్కొండ గురించో ఉత్తర సర్కారుల గురించో నాలుగు పేజీలు వ్రాసి ఇవ్వడం మామూలే. ఈసారి విషయం మార్చాను. కారణం మా బడిలో చదివే ఒక పిల్లవాడి నానమ్మ. బడి వదిలే వేళ గేటు దగ్గర నన్ను ఆపి ఆవిడ అడిగిన మాట ఇది: "మాస్టర్ సాబ్, వాడు పెళ్ళాన్ని కొట్టేవాడని వీధి వీధంతా ఎరుగును గదా. మరి కోర్టువాళ్ళు కేసు ఎందుకు కొట్టేశారు?"

నేను వకీలును కాను. ఉర్దూ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఆవిడకు ఆ పూట సమాధానం చెప్పలేకపోవడానికి అదొక్కటే కారణం కాదు. ఆ సంగతి చివర చెబుతాను. ముందు చరిత్రలోకి వెళదాం.

కోర్టులో వాడే తెలుగు మాటలు సగం మన ఉర్దూ, ఫార్సీల నుంచి వచ్చినవే. ఫిర్యాదు, వకీలు, దావా, హాజరు, జామీను, ముద్దాయి, రాజీ. వీటిలో రాజీనామా అనే మాటకు గమ్మత్తయిన గతి పట్టింది. ఉర్దూలో రాజీనామా అంటే ఇరుపక్షాలు ఒప్పుకుని వ్రాసుకునే కాగితం. తెలుగులో అది ఉద్యోగం వదులుకునే కాగితం అయిపోయింది. ఇంటి తగాదాల్లో పెద్దమనుషులు వ్రాయించే కాగితాలు ఈ రెండు అర్థాల్లో ఏ అర్థానికి చెందుతాయి అని నాకు చాలాసార్లు అనుమానం వస్తూ ఉంటుంది.

ఇక అసలు విషయం. మన గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1862 జనవరి 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ అమలులోకి వచ్చింది. దానిలో దెబ్బకు శిక్ష ఉంది, గాయానికి శిక్ష ఉంది. కాని మొగుడు కొట్టిన దెబ్బకు ప్రత్యేకమైన సెక్షను లేదు. మామూలు దెబ్బ 323వ సెక్షను కిందికి వచ్చేది. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసువారు దర్యాప్తు చేయకూడని నేరాల్లో అది ఒకటి. అంటే బజారులో ఇద్దరు తన్నుకున్నా, వంటింట్లో ఒకడు భార్యను తన్నినా స్టేషనులో చెప్పే మాట ఒకటే: కోర్టుకు వెళ్ళి ప్రైవేటు కేసు వేసుకోండి అని. బజారులో దెబ్బలు తిన్నవాడు వెళ్ళగలడు. వంటింట్లో దెబ్బలు తిన్న మనిషి రాత్రికి మళ్ళీ ఆ ఇంట్లోనే పడుకోవాలి. నూరేళ్ళకు పైగా చట్టం ఈ తేడాను పట్టించుకోలేదు.

పోనీ ఈ సంగతులు కోర్టుకు అసలు వెళ్ళేవే కాదా అంటే, వెళ్ళేవి. అయితే ఎదురు దారిలో వెళ్ళేవి. భార్య పుట్టింటికి పోతే ఆమెను తిరిగి పంపమని భర్త దావా వేసేవాడు. అలాంటి దావాల్లో మనం తెలుసుకోవలసినది కలకత్తా వైపు నుంచి లండనులోని ప్రివీ కౌన్సిలు దాకా వెళ్ళి 1867లో తీర్పు వచ్చిన కేసు. భర్త బజ్లుర్ రహీం, భార్య షమ్సున్నిసా బేగం. భార్య సొత్తు అయిన సర్కారు ప్రామిసరీ నోట్లు, జనం కంపెనీ కాగితాలు అనేవారు, భర్త చేతిలోకి పోయాయి. ఆమె ఇల్లు విడిచి వచ్చి తన కాగితాల కోసం దావా వేస్తే, ఆయన భార్యను పంపమని ఇంకో దావా వేశాడు. ముసల్మాను భర్త ఇలాంటి దావా సివిలు కోర్టులో వేసుకోవచ్చునని ప్రివీ కౌన్సిలువారు అన్నారు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నారు. తిరిగి వెళ్ళడం ఆమెకు ప్రమాదకరం అనేటంత క్రూరత్వం రుజువైతే కోర్టు ఆమెను పంపడానికి నిరాకరించవచ్చును, క్రూరత్వం అంటే ఏమిటన్న విషయంలో ఇస్లామీ ధర్మశాస్త్రం ఇంగ్లీషు చట్టానికి పెద్దగా భిన్నంగా ఉండకపోవచ్చును అని.

నూట యాభై ఏళ్ళ క్రితం మాట ఇది. పైకి చూస్తే స్త్రీకి రక్షణ దొరికినట్టే ఉంటుంది. కాని జడ్జిగారి ముందున్న ప్రశ్న ఏమిటో చూడండి. "ఆమెను ఏం చేశారు" అన్నది కాదు. "ఆమెను వెనక్కి పంపవచ్చునా, కూడదా" అన్నది. దెబ్బ అనేది ఆమె ఫిర్యాదుగా కోర్టుకు రాలేదు, భర్త దావాకు అడ్డుచెప్పే సాకుగా వచ్చింది. రుజువు చేయవలసిన భారం కూడా ఆమె మీదే పడింది. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత అలహాబాదు హైకోర్టులో జస్టిస్ ధవన్ ఈ భారాన్ని కొంచెం పక్కకు జరిపారు. రెండో పెళ్ళి చేసుకున్న భర్త మొదటి భార్యను కాపురానికి పంపమని దావా వేస్తే, రెండో పెళ్ళి ఆమెకు అవమానం కాదని నువ్వే రుజువు చేసుకో అన్నారు. ఆ తీర్పు 1960 నాటి లా రిపోర్టుల్లో ఉంది.

ఈ రెండు తీర్పుల నడుమ ఒక పెద్ద సంగతి జరిగింది. మనవాళ్ళకే సరిగా తెలియదు కాబట్టి కొంచెం వివరంగా వ్రాస్తాను. బ్రిటిషు కాలపు కోర్టులు హనఫీ ధర్మశాస్త్రాన్ని అన్వయించిన పద్ధతిలో, భర్త ఎంత బాధపెట్టినా భార్యకు కోర్టు ద్వారా విడుదల దొరకడం గగనం. ఆయన తలాక్ ఇవ్వడు, ఖులాకు ఒప్పుకోడు. పంజాబు వైపు కొందరు స్త్రీలు ఆ పెళ్ళి నుంచి బయటపడే దారి ఇంకేమీ కనపడక మతమే వదిలేశారు. ఇది ఉలేమాను కదిలించింది. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ లాంటి పెద్ద హనఫీ పండితుడే ఈ విషయంలో మాలికీ మజహబులో ఉన్న వెసులుబాటు తీసుకోవచ్చునని గ్రంథం వ్రాశారు. కేంద్ర శాసనసభలో కాజీ మహమ్మద్ అహ్మద్ కాజ్మీగారు బిల్లు పెట్టారు. 1939 మార్చి 17న అది ముస్లిం వివాహాల రద్దు చట్టం అయింది.

ఆ చట్టం రెండో సెక్షనులో భార్య విడుదల కోరగలిగే కారణాలు వరుసగా ఉన్నాయి. నాలుగేళ్ళు అయిపు లేకుండా పోయినవాడు, రెండేళ్ళు పోషించనివాడు, ఏడేళ్ళ జైలు పడ్డవాడు, ఇలా. ఎనిమిదో కారణం క్రూరత్వం. దాన్ని విడమరచి చెప్పిన తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అలవాటుగా కొట్టడం ఒకటే కాదు, చెయ్యి చేసుకోకపోయినా ప్రవర్తనతో ఆమె బతుకు దుర్భరం చేయడం కూడా క్రూరత్వమే అని స్పష్టంగా వ్రాశారు. ఆమె ఆస్తిని అమ్మేయడం, దానిమీద ఆమె హక్కును అడ్డుకోవడం, ఆమె నమాజు రోజాలకు అడ్డం పడడం, ఒకరికంటే ఎక్కువమంది భార్యలుంటే ఖురాను చెప్పిన ప్రకారం సమానంగా చూడకపోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మన దేశంలో "కొట్టకపోయినా క్రూరత్వమే" అన్న మాట చట్టంలో ఇంత స్పష్టంగా 1939లోనే వ్రాసుకున్నాం, అదీ మన ఉలేమా కదిలిస్తే వచ్చిన చట్టంలో. ఇవాళ ఎవరైనా వచ్చి ఇవన్నీ పట్నంవాళ్ళ కొత్త కబుర్లండీ అంటే నాకు నవ్వు వస్తుంది.

అయితే ఆ చట్టం విడుదల ఇస్తుంది, అంతే. కొట్టినవాడికి శిక్ష వెయ్యదు. కాపురం కావాలి, కొట్టడం మానాలి అనుకునే మనిషికి (మన ఇళ్ళల్లో ఎక్కువమంది కోరేది అదే) దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

1983వ సంవత్సరం ఈ చరిత్రలో మలుపు. ఆ ఏడు మన హైకోర్టు, అప్పుడది హైదరాబాదులో ఉండేది, ఒక సంచలనమైన తీర్పు ఇచ్చింది. కాపురానికి పంపమని కోర్టు ఉత్తర్వు ఇచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షను రాజ్యాంగానికే విరుద్ధం అన్నారు జస్టిస్ పి.ఎ. చౌదరి. ఇష్టంలేని మనిషిని కోర్టు ఉత్తర్వుతో పడకగదిలోకి నెట్టడం ఆమె దేహం మీద ఆమెకున్న హక్కును హరించడమే అని ఆయన వాదన. మరుసటి ఏడే, 1984లో, సుప్రీంకోర్టువారు వేరే కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చారు. తీర్పు నిలవలేదు గాని, 1867 నాటి ప్రశ్ననే తప్పు పట్టిన న్యాయమూర్తి మన ఆంధ్రదేశం నుంచి వచ్చాడన్నది మిగిలింది.

అదే 1983 డిసెంబరు 25న పీనల్ కోడ్‌లో 498-ఎ సెక్షను చేరింది. భర్త గాని, భర్త బంధువులు గాని భార్యను హింసిస్తే మూడేళ్ళ దాకా జైలు. ఆమె గాని, ఆమె దగ్గరి బంధువులు గాని చెబితే పోలీసువారు నేరుగా కేసు కట్టవచ్చు. జహేజ్ అడిగితేనే ఈ సెక్షను వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. ఆ సెక్షనులో రెండు భాగాలున్నాయి. కట్నం కోసం వేధించడం రెండోది మాత్రమే. మొదటి భాగంలో కట్నం ఊసే లేదు. ఆత్మహత్యకు దారితీసేటటువంటి, లేదా ప్రాణానికీ అవయవానికీ ఆరోగ్యానికీ, మనస్సు ఆరోగ్యంతో సహా, తీవ్రమైన హాని కలిగించేటటువంటి ఉద్దేశపూర్వక ప్రవర్తన అంతా దానిలోకి వస్తుంది. 1986లో కట్నం చావులకు 304-బి వచ్చింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజంగా చనిపోయి, చావుకు ముందు కట్నం వేధింపు ఉన్నట్టు రుజువైతే, కోర్టు భర్త, అత్తింటివారి మీద నేరం ఉన్నట్టే భావిస్తుంది. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయసంహితలో 498-ఎ కాస్తా 85, 86 సెక్షన్లయింది. నంబరు మారింది, సారం అదే.

ఇప్పుడు ఆ నానమ్మ ప్రశ్నకు దగ్గరగా వచ్చాం. చట్టం ఉంది గదా, మరి కేసులు ఎందుకు పోతున్నాయి?

మేజిస్ట్రేటు కోర్టులో సర్కారు తరఫున కేసు నడిపేది అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు. జనం ఎ.పి.పి. గారంటారు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు ముందు ఈ పని తరచు పోలీసు అధికారులే చేసేవారు. ఆ కోడ్ వచ్చాక కేసు నడిపేవాడు పోలీసు కాకూడదన్నది నియమం అయింది. ఎ.పి.పి. గారు ఆ అమ్మాయి వకీలు కాదు, సర్కారు వకీలు. అమ్మాయిని ఆయన మొట్టమొదట చూసేది చాలాసార్లు సాక్ష్యం రోజున కోర్టు వరండాలోనే. అంతకుముందు ఆయనకు తెలిసినదంతా కట్టలోని కాగితాలు: ఫిర్యాదు, సాక్షుల వాంగ్మూలాలు, ఆసుపత్రివారి గాయాల సర్టిఫికెట్టు. వీటిలో ఆయన వెతికేది తేదీలు. "పెళ్ళయినప్పటి నుంచి కొడుతున్నాడు" అన్న వాక్యంతో కేసు నిలబడదు. ఫలానా రంజాన్ నెలలో ఫలానా రాత్రి చెయ్యి మెలిపెట్టాడు, మర్నాడు ఆసుపత్రిలో చూపించుకున్నాను అంటే నిలబడుతుంది. కేసు బలహీనంగా ఉందని తోచినా ఆయన తనంతట తాను వదిలేయడానికి వీల్లేదు. విరమించుకోవాలంటే కోర్టు అనుమతి కావాలి.

ఇక విచారణ మొదలయ్యేసరికి ఏడాదో రెండేళ్ళో గడిచిపోయి ఉంటాయి. ప్రాసిక్యూషను 1వ సాక్షిగా అమ్మాయి బోనెక్కుతుంది. "మీ ఆయన మిమ్మల్ని ఏం చేశాడమ్మా" అని ఎ.పి.పి. గారు అడుగుతారు. "ఏమీ చెయ్యలేదండి" అంటుంది. అప్పుడు ఆయన కోర్టు అనుమతి తీసుకుని తన సాక్షినే ఎదురు సాక్షిగా ప్రకటించి ప్రశ్నలు వేయాలి. పోలీసుల ముందు ఇలా చెప్పావా లేదా, రాజీపడి ఇప్పుడు అబద్ధం చెబుతున్నావు గదా అని. పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం ఆమె మాట మార్చిందని చూపడానికి పనికొస్తుందే గాని, అదే సాక్ష్యమని దానిమీద శిక్ష వేయడానికి పనికిరాదు. జడ్జిగారి చేతిలో ఇంకేముంటుంది? కేసు కొట్టేస్తారు. ఊరంతా ఎరిగిన సంగతి కోర్టు ఎరగదు. ఊరిలో ఒక్కడు కూడా బోనెక్కడు గదా.

ఈ చిక్కు ఒక్క మనకే ఉందనుకోకండి. అమెరికాలో 1980ల తర్వాత చాలాచోట్ల ప్రాసిక్యూటర్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు, భార్య వద్దన్నా కేసు వదలకూడదని. ఆమె రాకపోయినా ఫొటోలు, పోలీసులకు చేసిన ఫోను రికార్డు, డాక్టరు మాట వీటితో నడిపేవారు. 2004లో అక్కడి సుప్రీంకోర్టు, బోనెక్కని మనిషి పోలీసులకిచ్చిన వాంగ్మూలాన్ని ముద్దాయి మీద వాడటానికి గట్టి హద్దులు పెట్టింది. అక్కడా తిరిగి తిరిగి ఆమె నోటి దగ్గరికే వచ్చి ఆగింది.

కాగితం మీద పడిన ఒక్క మాట తీర్పును ఎంత దూరం లాగుతుందో చెప్పడానికి మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసే ఉంది. కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్న స్త్రీ దగ్గర మేజిస్ట్రేటు మరణ వాంగ్మూలం వ్రాసుకున్నారు. రోగి స్పృహలో ఉన్నదని డాక్టరు వ్రాసి సంతకం పెట్టారు. 1999లో సుప్రీంకోర్టువారు, స్పృహలో ఉండటం వేరు, వాంగ్మూలం ఇవ్వగలిగే మనఃస్థితిలో ఉండటం వేరు, రెండోది డాక్టరు వ్రాయలేదు అని ఆ వాంగ్మూలాన్ని పక్కన పెట్టారు. ముద్దాయిలకు పడిన శిక్ష పోయింది. మూడేళ్ళకు, 2002లో, మహారాష్ట్ర కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అది మరీ సాంకేతికమైన పట్టింపు అని ఆ అభిప్రాయాన్ని సరిదిద్దింది. వ్రాసుకున్న మేజిస్ట్రేటుకు ఆమె తెలివిగానే ఉందన్న నమ్మకం కుదిరితే డాక్టరు సర్టిఫికెట్టు లేకపోయినా చెల్లుతుందన్నది. ఆ 1999 నాటి కేసులో పోయిన శిక్ష మాత్రం పోయినట్టే.

తర్వాత 2003లో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక సవరణ చేసింది. 498-ఎ కేసును మామూలుగా రాజీ చేసుకోవడానికి వీల్లేదు. అందుకే సాక్షులంతా బోనులో ఎదురు తిరగడం, అంటే ప్రమాణం చేసి అబద్ధం ఆడటం, రాజీకి దొడ్డిదారి అయింది. మన రాష్ట్రం ఆ ముసుగు తీసి, హింసకు గురైన స్త్రీ తానే కోరితే, కోర్టు అనుమతితో రాజీ కావచ్చునన్నది. అయితే ఒక కట్టడి పెట్టింది. అర్జీ పెట్టిన రోజు నుంచి కనీసం మూడు నెలలు ఆగాలి. ఈ మూడు నెలల్లో ఎవరూ వెనక్కి తగ్గకపోతేనే కోర్టు ఆమోదించవచ్చు. 2003 ఆగస్టు 1 నుంచి, పాత ప్రొసీజర్ కోడ్ నడిచినంత కాలం మన కోర్టుల్లో ఇదే పద్ధతి. జస్టిస్ పి.వి. రెడ్డి అధ్యక్షుడుగా లా కమిషన్‌వారు 2012లో దేశమంతటికీ ఇలాంటి ఏర్పాటే సిఫారసు చేశారు.

ఈ మూడు నెలలు ఎందుకు అని వకీళ్ళు అప్పట్లో విసుక్కునేవారు. ఎందుకో నేను కళ్ళారా చూశాను.

2009లో, మా వీధి పెద్దలు అయిదుగురు కూర్చుని ఒక తగాదా తీర్చారు. అమ్మాయి చెవి దగ్గర కమిలిన మచ్చ అందరికీ కనబడుతూనే ఉంది. నాకప్పుడు ముప్ఫై దాటలేదు. తెలుగు, ఉర్దూ రెండూ దస్తూరి బాగుంటుందని కాగితం వ్రాయడానికి నన్ను పిలిచారు. "కొట్టినందుకు" అని మొదలుపెట్టాను. పెద్దాయన ఒకరు చెయ్యి అడ్డం పెట్టి, "బేటా, ఆ మాట ఎందుకు? రేపు కాపురం చేసుకోవలసినవాళ్ళు. మనస్పర్థలు అని వ్రాయి" అన్నారు. వ్రాశాను. "ఇరువురి మధ్య వచ్చిన చిన్న మనస్పర్థలు తొలగిపోయి, ఇకమీదట సుఖముగా కాపురము చేసుకొనుటకు ఇరువురూ రాజీ" అని. అమ్మాయి తండ్రి తలూపాడు. అమ్మాయిని ఎవరూ అడగలేదు. సూరా నిసాలో ఇలాంటి తగాదాకు భర్త వైపు నుంచి ఒక మధ్యవర్తి, భార్య వైపు నుంచి ఒక మధ్యవర్తి కూర్చోవాలని ఉంది. తలాక్‌కు ముందు ఈ ప్రయత్నం జరిగి ఉండాలని 2002లో సుప్రీంకోర్టువారు కూడా అన్నారు. మా అయిదుగురిలో ఆమె వైపు మధ్యవర్తి ఎవరో నేను ఈ రోజుకీ చెప్పలేను.

ఏడాది తిరక్కుండానే దెబ్బలు ముదిరి ఆమె పోలీసు స్టేషనుకు వెళ్ళింది. ఛార్జిషీటు పడింది. మళ్ళీ పెద్దలు కదిలారు, కోర్టులో రాజీ అర్జీ వేయించారు. మేజిస్ట్రేటుగారు మూడు నెలల వాయిదా వేశారు. ఆ వాయిదా రోజున ఆయన అందరినీ బయటికి పొమ్మని అమ్మాయిని ఒక్కదాన్నే దగ్గరికి పిలిచి అడిగారు. అరగంటకు బయటికి వచ్చి ఆమె తండ్రితో, "అబ్బా, నేను రాజీ కాదు" అంది. ఆ మూడు నెలలు లేకపోతే ఆ మాట ఆ రోజు ఆమె నోట వచ్చేది కాదు.

కేసు నడిచింది. తండ్రి, అన్న ఇద్దరూ బోనులో ఎదురు తిరిగారు. ఆమె ఒక్కతే నిలబడి చెప్పింది. అప్పుడు ముద్దాయి తరఫు వకీలు 2009 నాటి నా కాగితం బయటికి తీశారు. అది ఎగ్జిబిట్ డి-1 అయింది. దస్తూరి రుజువు చేయడానికి నన్నే సాక్షిగా పిలిపించారు. "ఇది మీ వ్రాతేనా?" "అవునండి." "దీనిలో కొట్టినట్టు ఎక్కడైనా ఉందా?" "లేదండి." ఎ.పి.పి. గారు లేచి, ఆనాడు గాయం చూశారా అని అడిగారు. చూశానన్నాను. మరి ఎందుకు వ్రాయలేదన్నారు. నా దగ్గర జవాబు లేదు. తొలి నుంచీ కొడుతున్నాడన్న మాటకు ఆ కాగితమే విరుద్ధంగా ఉందని, నేరం అనుమానానికి తావులేకుండా రుజువు కాలేదని కేసు కొట్టేశారు. జడ్జిగారిని నేను తప్పు పట్టలేను. ఆయన ముందున్న కాగితం అది.

ఆమెకు కాస్త నిలువ నీడ దొరికింది ఇంకో చట్టం వల్ల. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. ఇది జైలుకు పంపడానికి పెట్టిన చట్టం కాదు. కొట్టవద్దని రక్షణ ఉత్తర్వు, కాపురమున్న ఇంట్లోనే ఉండనివ్వమని నివాస ఉత్తర్వు, నెలనెలా డబ్బు, ఇవి ఇస్తుంది. ఆ ఉత్తర్వు మీరితే అప్పుడు జైలు. ఇక్కడ కావలసిన రుజువు క్రిమినల్ కేసులో అడిగేటంత గట్టిది కాదు, ఏ పక్షం మాట నమ్మదగి ఉందన్నది చూస్తారు. అందుకే ఒకే ఇంటి సంగతిలో ఒక కోర్టు వదిలేసి ఇంకో కోర్టు ఉత్తర్వు ఇవ్వడం జరుగుతుంది. జనం దీన్ని కోర్టుల గందరగోళం అనుకుంటారు. రెండు కోర్టులూ వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నాయి.

ఆ నెలనెలా డబ్బు చిన్న సంగతి కాదు. తిండికి అన్నదమ్ముల మీద ఆధారపడిన మనిషి అన్నదమ్ములు వద్దన్నాక ఎన్నాళ్ళు బోనులో నిలబడగలదు? మన సమాజంలో మనోవర్తి గొడవ అంతా, 1985 నాటి షాబానో తీర్పు, 1986 చట్టం, 2001లో దానికి సుప్రీంకోర్టు చెప్పిన అర్థం, ఇదంతా మతం గొడవగానే గుర్తుంది గాని, సాక్ష్యం చెప్పగలిగే ఓపిక గొడవ కూడా అన్నది ఎవరికీ తోచలేదు. 2024 జులై 10న తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టువారు, తలాక్ పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరిలాగే 125వ సెక్షను కింద మనోవర్తి అడగవచ్చునని తేల్చారు. ఆ కేసులో కింది కోర్టు నెలకు 20,000 రూపాయలు ఇవ్వమంటే తెలంగాణ హైకోర్టు 10,000కు తగ్గించింది. అసలు ఇవ్వనే అక్కర్లేదని భర్త పైకి వెళ్ళి ఓడిపోయాడు.

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. జులై తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ నాగరత్నగారి ధర్మాసనమే అదే ఏడు డిసెంబరు 10న, తెలంగాణ నుంచే వెళ్ళిన మరో కేసులో, భర్త మీదా అతని ఇంటివాళ్ళ మీదా పెట్టిన 498-ఎ కేసును కొట్టివేసింది. ఎవరు ఎప్పుడు ఏం చేశారో చెప్పకుండా ఇంటిల్లిపాదినీ ఇరికించడం చట్టాన్ని దుర్వినియోగం చేయడమే అన్నది. 2014లో అర్నేష్ కుమార్ కేసులో, ఈ సెక్షను కింద యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని సుప్రీంకోర్టువారు అన్నదీ ఇందుకే. మన వీధుల్లో ఫిర్యాదులు వ్రాసే గుమాస్తాలకు ఇది చెప్పాలి. కొట్టినవాడి పేరుతోపాటు పొరుగూళ్ళో ఉన్న ఆడపడుచు పేరు, మంచం పట్టిన మామగారి పేరు చేర్చితే కేసు బలపడదు. తేదీ లేని పది పేర్ల కంటే తేదీ ఉన్న ఒక్క పేరు నయం. అక్కడ ఎక్కువ వ్రాసి పాడుచేస్తారు, ఇక్కడ మేము తక్కువ వ్రాసి పాడుచేశాం.

ఆ అమ్మాయి ఇప్పుడు కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. కూతురు మా బడిలోనే చదివి వెళ్ళింది. ఎదురుపడితే సలాం చేస్తుంది. ఆ కాగితం సంగతి ఒక్కసారే ఎత్తింది. "మీ దస్తూరి జడ్జిగారు కూడా మెచ్చుకున్నారట గదా మాస్టర్ సాబ్" అంది. నవ్వుతూనే అంది.

ఇప్పటికీ తగాదాలకు నన్ను పిలుస్తారు. వెళతాను. అమ్మాయిని ముందు ఆసుపత్రిలో చూపించి చీటీ తెచ్చాకే కూర్చుందాం అంటాను. వాళ్ళ తరఫున ఆమె ఎంచుకున్న మనిషి ఒకరు ఉండాలంటాను. ఆమెతో మా ఇంటావిడ విడిగా మాట్లాడుతుంది. ఆమె ఏ మాట అంటే ఆ మాటే, తేదీతో సహా వ్రాస్తాను, నకలు ఆమె చేతికే ఇస్తాను. క్రిందటి నెలలో ఇలాగే కూర్చున్నప్పుడు ఒక పెద్దమనిషి, "మాస్టారూ, కాస్త మెత్తగా వ్రాయండి" అన్నారు. కలం ఆయన చేతికిచ్చి, మీరే వ్రాసి కింద మీ సంతకం పెట్టండి అన్నాను. ఆయన కలం పుచ్చుకోలేదు.